కొక్కెము మార్చుకొనదగు గాలము
(చిక్కపేట సభలో ఒక వర్తకుని ప్రసంగము)



గాలపు సామగ్రిలో మొదట చెడునది కొక్కెమే. నీట త్రుప్పు పట్టును. రాతికి తగిలి మొన విరుగును. 1946లో కావేరి ఉపనదియగు కబినిలో వాన్ ఇంగెన్ పట్టిన మహసీర్ చేప 120 పౌనులు తూగినది. అట్టిదాని నోటబడి కొక్కెము నలుగుట వింతగాదు.

అందులకై లోహపు ఎరను సైతము పారవేయనేల? తాళపుచెవుల గుత్తికుండునట్టి రెండు చుట్ల ఉక్కు వలయముతో తగిలించినచో కొక్కెము మాత్రమే మార్చవచ్చును. క్రొత్తది పాతదాని తూకమున నుండవలెను. లేనిచో ఎర నీట ఆడుతీరు మారును.

కావేరి మూపురపు మహసీర్ అంతరించు ప్రమాదము మిక్కిలిగా నున్నదని 2018లో అంతర్జాతీయముగా ప్రకటింపబడినది. మూడు మొనల కొక్కెము తీసి, ఎదురుముల్లు లేని ఒంటి కొక్కెము తగిలించినచో, పట్టిన చేపను తక్కువ గాయముతో విడువవచ్చును.

పూర్తి సామగ్రి అమ్మిన లాభము హెచ్చని వర్తకులమగు మేము ఎరుగుదుము. అయినను చిన్న కొక్కెమునకై వచ్చినవాడు మరల మరల వచ్చును. కావున విడి కొక్కెములను, వలయములను మన అంగళ్లలో నిలువయుంచ ప్రార్థించుచున్నాము.