నిజాయితీ ప్రశ్నకు జవాబు

ఇంటర్వ్యూలో నిజాయితీ గురించి అడగ్గానే చాలామంది "నేను అబద్ధమే ఆడను సార్" అనేస్తారు. ఆ మాట ఎవరైనా అంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావలసింది జరిగిన సంగతి. సాయంత్రం క్యాష్ కౌంటర్ లెక్కలో 500 రూపాయలు ఎక్కువ తేలితే ఎవరికి చెప్పారు, ఎక్కడ రాయించారు, చివరికి ఏమైంది? వరసగా రెండు నిమిషాల్లో చెప్పండి. పాత యజమానిని మాత్రం ఆడిపోసుకోకండి.

"పై అధికారి తప్పుడు బిల్లు పెట్టమంటే?" అనీ అడుగుతారు. ముందు ఆయనతోనే మాట్లాడతాననీ, వినకపోతే కంపెనీ నిబంధనల ప్రకారం పైవాళ్లకు తెలియజేస్తాననీ చెప్పండి. బిల్లు మాత్రం పెట్టనని స్పష్టంగా అనండి.

రెండు ఉద్యోగాల మధ్య ఖాళీగా ఉన్న నెలలుంటే ఉన్నదున్నట్టు ఒప్పుకోండి. ఎందుకంటే 2014లో వచ్చిన పీఎఫ్ యూనివర్సల్ అకౌంట్ నంబర్ (యూఏఎన్) కింద, పీఎఫ్ కట్టిన ప్రతి కంపెనీలో మీరు చేరిన తేదీ, మానేసిన తేదీ నమోదై ఉంటాయి. హైదరాబాద్‌లో చాలా ఐటీ కంపెనీలు ఆఫర్ ఇచ్చాక కూడా వీటిని సరిచూస్తాయి. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అక్కడే దొరికిపోతుంటాయి. కాబట్టి ఇంటర్వ్యూకి బయల్దేరేముందే రెజ్యూమెలోని తేదీలను మీ పీఎఫ్ సర్వీస్ హిస్టరీతో ఒకసారి పోల్చి చూసుకోండి.