చెరువు చేపలకు ప్రాణవాయువు కొఱత: రక్తప్రసారము, జీర్ణశక్తి



వేసవి కడపట, మబ్బు క్రమ్మిన దినములలో, తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. ఆకలిగొన్నవని తలంచి రైతు తవుడు, తెలగపిండి చల్లును. దీనివలన కీడే కలుగును. అవి కోరునది మేత కాదు, ప్రాణవాయువు.

30 డిగ్రీల వేడిమిగల నీటిలో లీటరొకటికి గాలినుండి కరగు ప్రాణవాయువు సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. పగలు పాచి యెండ తగిలి దానిని విడుచును. రాత్రి ఆ పాచియే పీల్చును. కావున సూర్యోదయమునకు ముందు కొఱత మిక్కుటము. హైదరాబాదు పాతనగరపు అంచున 21 కమానుల కట్టగల మీరాలం చెరువు ఒకప్పుడు త్రాగునీరిచ్చినది. పిదప మురుగు చేరి, గుఱ్ఱపుడెక్క పెరిగినది. ఇట్టిచోట మురుగు క్రుళ్లుటకే ప్రాణవాయువు వ్యయమగును. ఆకులు కప్పుటచే నీటికి గాలియు సోకదు. రైతు తన కుంటలో పేడ మితిమీరి వేసినను ఫలమిదియే.

చేప గుండెకు గదులు రెండే. రక్తము గుండెనుండి మొదట మొప్పలకు పోయి, అచట ప్రాణవాయువును గ్రహించి, దేహమంతయు తిరిగి మరల గుండెను చేరును. పెక్కు చేపలలో గుండెకండకు దక్కునది తక్కిన అవయవములు వాడుకొనగా మిగిలినదే. కొఱత కలిగినపుడు గుండె నెమ్మదించును; మొప్పలు వడిగా ఆడును; రక్తము మెదడునకు, గుండెకు మరలి, ప్రేగులకు పోవునది తగ్గును. బావి యెండినపుడు ఇల్లాలు పెరటిపాదులకు నీరు మానినట్లే యిది.

బొచ్చె, రోహు చేపలకు జీర్ణాశయము లేదు. పనియంతయు పొడవైన ప్రేగుదే. రక్తము తగ్గిన ప్రేగు మేతను అరిగింపజాలదు. పైగా మేత అరుగుటకు ప్రాణవాయువు మఱింత వలయును. తినక విడిచిన మేత అడుగున క్రుళ్లి, యున్న కొంచెమును హరించును.

కొరమీను సంగతి వేఱు. పాతనగరపు దూద్‌బౌలి కుటుంబమొకటి తరతరములుగా మృగశిర కార్తెలో ఇచ్చు చేపమందునకు కొరమీను పిల్లలనే వాడుదురు. ఆ మందు గుణము ఇచట విచార్యము కాదు. తొట్లలో క్రిక్కిఱిసియు ఆ పిల్లలు బ్రతుకుటకు కారణము, మొప్పలపైన గాలి పీల్చు అర యుండుటయే. పైకి రానీయకున్నచో అవియు చచ్చును. వానిని చూచి బొచ్చెకును అట్టి ఓర్పు కలదని యెంచరాదు.

నోళ్లు తెఱచుట కనబడినతోడనే మేతయు పేడయు ఆపి, క్రొత్తనీరు వదలవలెను. లేదా పంపుతో కుంటనీటినే ఎత్తి, పైనుండి చిందిపడునట్లు చేయవలెను. అడుగు బురదను కలపరాదు. పొద్దెక్కి, చేపలు క్రిందికి దిగి చురుకుగ తిరుగుట చూచిన పిమ్మట మేత కొంచెము కొంచెముగ వేయవచ్చును. మబ్బు విడువనిచో ఆ పూట మానుటయే మేలు. ఒకపూట మేత లేకున్న చేప చావదు.