పుస్తకము చూచి తంత్రి మీటవచ్చునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చి నాకన్న బాగుగ నెరిగిన పెద్దలు ఈ వేదికపై నున్నారు. నేను మరియొక మాట విన్నవించుటకు నిలిచితిని. మన గ్రంథాలయమునకు ఇటీవల ఒక గిటారు శిక్షణగ్రంథము వచ్చినది. దానితో కొన్ని శబ్దముద్రణలు కూడ వచ్చినవి. దానిని కోరి తెప్పించుకొన్నవాడు మన ఊరి యువకుడే. పగలు సిద్దిపేటలో దుకాణపు పని చేసి, సాయంకాలము ఇక్కడికి వచ్చును. ఇది చదువుకొను తావు గాని పాటకచేరి కాదని కొందరు పెద్దలకు అభ్యంతరము. పుస్తకము నుంచి, శబ్దముద్రణలను బీరువాలో పెట్టి తాళము వేయుదమని ఒక సూచన వచ్చినది. ఆ సూచన తగదని నా మనవి.

ఆ గ్రంథము బోధించునది జిప్సీ జాజ్ అను వాద్యరీతి. జాజ్ అనునది అమెరికాలోని నల్లజాతివారు సృష్టించిన సంగీతము. దానిని యూరోపులోని సంచారజనులు తమ గిటారులపైకి తెచ్చుకొని తమదిగా చేసికొనిరి. లోకము వారిని జిప్సీలనును. ఫ్రాన్సు ప్రాంతమున నున్నవారు తమను మానూష్ అని చెప్పుకొందురు. ఆ మాట వినగానే మనుష్య శబ్దము తోచుట యాదృచ్ఛికము కాదు. వారి పూర్వులు సుమారు వేయి సంవత్సరములకు ముందు హిందూదేశము విడిచి పోయినవారు. నేటికిని వారి భాషలో నీరు పానీ, చెవి కన్. మన తండాలోని లంబాడీ అవ్వ ఆ మాటలు విన్నచో అర్థము అడుగదు!

ఈ వాద్యరీతికి మూలపురుషుడు జాంగో రైన్‌హార్ట్. 1910లో బెల్జియములో జన్మించినాడు. బండియే వారి ఇల్లు. బడిచదువు లేదు. సంగీతలిపి చదువనేరడు. 1928లో, పదునెనిమిదవ యేట, అతని బండియింట మంటలు లేచినవి. భార్య అమ్మకమునకై చేసియుంచిన సెల్యులాయిడు పూలకు కొవ్వొత్తి మంట సోకినదందురు. ఎడమచేతి చివరి రెండు వ్రేళ్లు ముడుచుకొనిపోయినవి. గిటారుపై తంత్రుల నదుముటకు ఎడమచేయియే ఆధారము గదా! అతడు మంచము పట్టియుండియు, మిగిలిన చూపుడువ్రేలితోను నడిమివ్రేలితోను కొత్త మార్గము వెదకికొన్నాడు. తరువాత అమెరికాకు చెందిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాద్యమును గ్రామఫోను ప్లేట్లపై విన్నాడు. అతడు ఆ సంగీతమును నేర్చుటకు పుస్తకము లేదు, ఆ ప్లేట్లే ఉన్నవి. 1934లో పారిస్ నగరమున స్టెఫాన్ గ్రాపెల్లి అను వయొలిన్ విద్వాంసునితో కూడి మేళము కట్టినాడు. మూడు గిటారులు, ఒక వయొలిన్, ఒక బాస్. మద్దెల వంటి వాద్యమే లేదు. తాళభారమంతయు గిటారులే మోసినవి. జాంగో 1953లో గతించినాడు.

చెవితోనే అంతవాడైనప్పుడు పుస్తకమెందుకని మీరడుగవచ్చును. జాంగోకు ఇంటిలో అన్నదమ్ములు, బంధువులు అందరును వాద్యకారులే. చేయి ఎట్లు త్రిప్పవలెనో కన్నులారా చూచినాడు. మన యువకునికి ఆ భాగ్యమేది? ఈ రీతిలో కుడిచేతి మణికట్టు వంగియుండవలెను, గిటారు ముఖముపై ఆనరాదు. తంత్రి మారినప్పుడెల్ల మొదటి మీటు క్రిందికే పడవలెను. మీటిన పిదప చేతిలోని బిళ్ల ప్రక్క తంత్రిపై వచ్చి నిలువవలెను. ఇది వేయిసార్లు విన్నను తెలియదు; పుస్తకములో ఒక బాణపుగుర్తు, రెండు వాక్యములు చెప్పును. ఆరు తంత్రులకు ఆరు గీతలు గీచి, ఏ మెట్టుపై వ్రేలుంచవలెనో అంకె వేసి చూపుదురు. లెక్కల పుస్తకము చదువగలవానికి ఇది కష్టము కాదు.

కాని తాళము పట్టు గిటారు సంగతి వేరు. అచ్చులో నాలుగు దెబ్బలు నాలుగు సమానమైన గుర్తులుగా కానవచ్చును. వాయించునపుడు అవి సమానములు కావు. ఒకటి నిలుచును, ఒకటి పుట్టగానే ఎడమచేతి వ్రేళ్ల సడలింపుతో తెగిపోవును. ఆ తెగుటలోనే నడక యున్నది. దానిని ఏ గుర్తు చూపగలదు? శబ్దముద్రణలో మొదట మెల్లగ, పిదప అసలు వేగమున వినిపింతురు. ఆ మీదట ప్రధాన వాద్యమును విడిచి తోడు వాద్యమే వినిపింతురు. ఆ ఖాళీని నింపవలసినవాడు శిష్యుడే. ఇట్టిదానికి తాళము వేసిన పుస్తకములో సగము చింపినట్లే!

మన సంగీతమునందును ఇదే చిక్కు. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున అచ్చయినది. తమిళదేశమున అచ్చయినను అది తెలుగు లిపిలో నున్నది. తమ వంశమున గురుముఖతః వచ్చిన నిధిని, చిన్నస్వామి ముదలియారుగారి ప్రోద్బలముచే, ఆయన లోకమున కిచ్చిరి. స్వరములపై గమకములకు ప్రత్యేకమైన గుర్తులు కూడ నేర్పరచిరి. ఆ మహాగ్రంథము లేకున్న ముత్తుస్వామి దీక్షితుల కృతులు ఎన్ని మనకు దక్కెడివో! అయినను ఒక గుర్తును ఎట్లు పలుకవలెనను విషయమై విద్వాంసులలో నేటికిని వాదములు జరుగుచున్నవి. అంతకు రెండేండ్ల ముందే, 1902లో, కలకత్తాలో గౌహర్‌జాన్ గానమును గ్రామఫోనువారు ముద్రించియుండిరి. అక్షరము ఒకచోట, నాదము ఒకచోట పుట్టినవి. ఆ రెండును ఎట్టయపురమున కలిసియుండినచో ఆ వాదములలో సగము లేకపోయెడివని నా తలంపు.

ఇంకను వెనుకకు పోదము. మన పొరుగున పాలకుర్తిలో పుట్టిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వాద్యముల పేర్లు పెక్కు చెప్పినాడు. చదువునపుడు ఆనందము కలుగును, వెంటనే దుఃఖము కలుగును. పేర్లు మిగిలినవి, వాటిలో పెక్కింటి ధ్వని పోయినది. కిన్నెర కూడ ఆ దారినే పోవలసినది. వెదురుపై మెట్లు కట్టి, సొరబుర్రలు తగిలించిన పన్నెండు మెట్ల కిన్నెరను కొద్ది కుటుంబములు ఊరూర తిరిగి వాయించుచు నిలుపుకొనినవి. దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చిన పిదప గాని చాలమంది ఆ వాద్యము వంక చూడలేదు. అది నేర్చుకొనదలచిన బాలునికి ఇయ్యదగిన శిక్షణగ్రంథము మన అరలలో ఒక్కటియు లేదు. దూరదేశపు సంచారజనుల వాద్యమునకు పుస్తకమును నాదమును కలవు; మన ఊళ్లలో తిరుగువారి వాద్యమునకు లేవు.

కావున కార్యవర్గమువారికి నా మనవి రెండు భాగములు. శబ్దముద్రణలు పుస్తకముతోపాటే చదువరి చేతి కియ్యవలెను. చప్పుడగునను భయమున్నచో చెవికి తగిలించుకొను సాధనమొకటి కొనుడు. ఆ ఖర్చు నేను భరించెదను. వాయించి చూచుటకు వెనుక వరండా చాలును, పత్రికలు చదువువారు ముందు గదిలో నుందురు.

రెండవది, మన చుట్టుపట్ల ఒగ్గుకథ చెప్పు పెద్దలను పిలిచి, వారి కథను వ్రాసికొని, గొంతును ముద్రించి, రెంటిని ఒకే అరలో నుంచవలెను. డోలుదెబ్బ ఎక్కడ పడునో వ్రాయువాడు ప్రక్కన కూర్చుండి గుర్తు వేయవలెను. సంక్రాంతికి కొమురవెల్లి మల్లన్న జాతర మొదలగును. అటుపై వారికి ఊపిరి సలుపదు. ఈ పని కార్తికములోనే కావలెను.