పచ్చిక బయళ్ళలో ఒక ఫ్రెంచి ప్రభువు

వ్యాపారమునకు మూలధనము, ఉపాయము, సాహసము అను మూడును కావలెనని పెద్దలు చెప్పుదురు. ఈ మూడింటికిని ఏ కొరతయు లేని ఒక మనిషి నాలుగేండ్లు తిరుగకుండగనే ఎట్లు దెబ్బతిన్నాడో నేడు విచారింతము. అతడు ఫ్రాన్సు దేశపు కులీనుడు. పేరు మార్క్వీ ద మోరెస్. వ్యాపారము పశువులది. రంగస్థలము అమెరికాలోని డకోటా సీమ.

మోరెస్ 1858లో పారిసు నగరమున జన్మించినాడు. సాఁ సీర్ సైనిక విద్యాలయములో చదివి, అశ్వికదళములో పని చేసినాడు. 1882లో న్యూయార్కు బ్యాంకరు లూయీ ఫన్ హాఫ్‌మన్ కుమార్తె మెడోరాను పెండ్లాడినాడు. మామగారి ధనము తోడుగా నిలిచినది. మరుసటి సంవత్సరమే అతడు పడమటి దారి పట్టినాడు.

అప్పటి డకోటా ఎట్లుండెనో మనము ఊహించుకొనవలెను. లిటిల్ మిసోరీ నదికి ఇరుప్రక్కల వానకు కోసుకుపోయిన రంగురంగుల మట్టిగుట్టలు, నడుమ పచ్చిక. ఆ పచ్చికను అనాదిగా మేసిన అడవిదున్నల మందలు వేటగాండ్ర తుపాకులకు బలియై అంతరించుచున్నవి. వానినే నమ్ముకొని బ్రతికిన ఆదిమజాతుల వారిని ప్రభుత్వము ప్రత్యేక ప్రాంతములకు తరిమివేసినది. ఇట్లు ఖాళీ చేయబడిన నేలమీదికి నార్తర్న్ పసిఫిక్ రైలుమార్గము వచ్చినది. దాని వెనుకనే పశువుల యజమానులును వచ్చినారు.

మోరెస్ ఊహ సామాన్యమైనది కాదు. నాటి వాడుక ప్రకారము పశువులను ప్రాణములతోనే రైలెక్కించి వందల మైళ్ళ దూరమున ఉన్న షికాగోకు పంపుచుండిరి. దారిలో అవి చిక్కిపోవును, కొన్ని చచ్చును. పైగా తినుటకు పనికిరాని చర్మము, ఎముక, కొమ్ములకు కూడ కిరాయి చెల్లింపవలెను. పశువు మేసిన చోటనే దానిని కోసి, మంచుగడ్డలు నింపిన రైలుపెట్టెలలో మాంసమును మాత్రమే పంపినచో నడిమి దళారుల లాభము మిగులును గదా! అమ్మువానికి ఎక్కువ ధరయు, కొనువానికి తక్కువ ధరయు అని అతని లెక్క.

1883 ఏప్రిల్‌లో నదియొడ్డున ఒక ఊరికి పునాది వేసి, దానికి భార్య పేర మెడోరా అని నామకరణము చేసినాడు. వధశాల, రైలుదారి పొడవున మంచుగిడ్డంగులు, గుట్టమీద తమకు 26 గదుల ఇల్లు లేచినవి. 1884లో డెడ్‌వుడ్ అను గనుల పట్టణమునకు గుఱ్ఱపుబండ్ల సర్వీసు కూడ నడిపినాడు. ఒక పని స్థిరపడకమునుపే మరియొకదానికి చేయిచాచుట అతని స్వభావము.

కాని ఆ సీమకు ఒక వ్రాయని చట్టము ఉన్నది. పచ్చిక అందరిది, నీరు అందరిది. మోరెస్ భూమిని కొని ముళ్ళతీగ కట్టించినాడు. కాగితము ప్రకారము అది న్యాయమే, కాని అక్కడివారి కంటికి అన్యాయము. తీగలు తెగినవి, బెదిరింపులు పెరిగినవి. 1883 జూన్‌లో జరిగిన కాల్పులలో రైలీ లఫ్సీ అను యువకుడు మరణించినాడు. హత్యానేరముపై విచారణ జరిగి 1885లో మోరెస్ నిర్దోషిగా విడుదలైనాడు. న్యాయస్థానము విడిచిపెట్టినను ఇరుగుపొరుగువారి మనస్సులు విడిచిపెట్టలేదు. ఆ ప్రాంతముననే పశువులు పెంచుచుండిన థియొడోర్ రూజ్వెల్టుతో—తరువాతి కాలమున అమెరికా అధ్యక్షుడైన ఆయనతోనే—ద్వంద్వయుద్ధము దాక మాట వచ్చి, ఉత్తరములతో సద్దుమణగినది.

ఇక అసలు దెబ్బ బజారులో తగిలినది. వట్టి గడ్డి మేసిన పశువు మాంసముకంటె మొక్కజొన్న తిని బలిసినదాని మాంసమునే నగరవాసులు మెచ్చిరి. గడ్డిమేత పశువు కోతకు వచ్చునది ఏటికి కొద్ది నెలలే. మిగిలిన కాలము కర్మాగారము ఊరక ఉండవలెను, వడ్డీ మాత్రము ఊరకుండదు. షికాగోలోని పెద్ద వర్తకులు ధరలోను, రైలు కిరాయిలలోను అతనిని నిలువనీయలేదు. 1886 నవంబరులో వధశాల మూతపడినది. వెంటనే వచ్చిన భయంకరమైన శీతకాలములో మంచుక్రింద మేత దొరకక ఆ ప్రాంతమున పశువులు గుంపులు గుంపులుగా కూలినవి. రూజ్వెల్టు మందలలోను సగమునకు పైగా నశించినవి. మెడోరాలో ఇండ్లు నిలిచినవి గాని మనుషులు నిలువలేదు.

మోరెస్ తరువాతి జీవితము కొనియాడదగినది కాదు. స్వదేశమునకు పోయి, యూదులపై ద్వేషము రగిల్చు రాజకీయములలో దిగినాడు. 1892లో ఆర్మాండ్ మేయర్ అను యూదు సైనికాధికారిని ద్వంద్వయుద్ధములో చంపినాడు. 1896లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో, దారిచూపుటకు వచ్చినవారి చేతనే తాను హతుడైనాడు. గుట్టమీది ఇల్లు నేడు ఉత్తర డకోటా రాష్ట్రము కాపాడు చారిత్రక గృహము. 1907లో కాలిపోయిన కర్మాగారమునకు గుర్తుగా ఎత్తైన ఇటుక పొగగొట్టము మిగిలినది.

అతని ఊహ తప్పనుటకు వీలులేదు. మాంసమును మంచుపెట్టెలలో పంపు పద్ధతియే తరువాత లోకమంతట నెగ్గినది. తప్పినది వేరొకటి. రైలుదారిని, బజారును, ఋతువులను లెక్కలోనికి తీసికొన్నాడు గాని అవి తన ఆజ్ఞకు లోబడునని నమ్మినాడు. తాను కొన్న నేలలో తనకు ముందే మనుషులున్నారనియు, వారికొక నడవడి ఉన్నదనియు పట్టించుకొనలేదు. ధనముతో నేలను కొనవచ్చును. ఆ నేలమీది మనుషుల సమ్మతిని అదే ధరకు కొనుట సాధ్యము కాదు.