ఏటి ఒడ్డు చెక్కను గురించి
(ఓడలరేవు సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవముల సందర్భములో సంఘ చరిత్ర చెప్పగలవారు మనలో చాలమంది ఉన్నారు. మాకు మాత్రము చెట్ల సంగతి అప్పగించినారు. గుడిలో చెట్ల సంగతి ఏమిటని వెనుక బల్లలమీద కొందరు నవ్వుకొనుట మేము చూడకపోలేదు. నవ్వండి, ఫరవాలేదు. కాని సంగతి చెట్లతో ఆగదు. ఏటి ఒడ్డున మన సంఘమునకు ఉన్న పర్ర చెక్కను రొయ్యల చెరువుకు కవులుకు ఇవ్వాలా, వద్దా అన్న ప్రశ్న పెద్దల ముందు ఉన్నది. కవులు డబ్బు వస్తే హాలు పైకప్పు పూర్తవుతుంది. ఆ పైకప్పు కావాలని అందరికంటె ముందు గొంతెత్తినవారిలో మేమూ ఉన్నాము. అయినా ఇవ్వవద్దని చెప్పడానికే ఈ రోజు నిలబడినాము. ఎందుకో వినండి.

మన ఊరికి రెండు ఒడ్లు. ఒకటి సముద్రపు ఒడ్డు, రెండవది వైనతేయపు ఒడ్డు. గన్నవరము అక్విడక్టు క్రిందుగా వచ్చే ఈ పాయ, మనకూ కరవాకకూ మధ్యనుండి కడలిలో కలుస్తుంది. ఊరి పేరులోనే ఓడలు ఉన్నాయి గాని, ఇప్పుడు ఓడలు రావు. సముద్రము అడుగునుండి గొట్టాలలో గ్యాసు వస్తుంది. ఓ.ఎన్.జి.సి. టెర్మినలు దీపాల వెలుగులో మన పిల్లలు పెరుగుతున్నారు. ఆ పిల్లలను బాలబంది తీగ ఏదో చూపించమంటే చూపించలేరు. పోయిన వేసవి బైబిలు బడిలో అడిగి చూసినాము. ఇద్దరు చూపించినారు, ఇద్దరూ వలలవారి పిల్లలే.

ఇసుకమీద పాకి ఊదారంగు పూలు పూసేదే బాలబంది. దాని ప్రక్కన ముళ్లబంతులవలె గాలికి దొర్లిపోయేవి రావణాసురుని మీసాలు. ఈ రెండూ ఇసుకను పట్టి ఉంచేవి. వీటి వెనుక మొగలి పొద, ఆ వెనుక తాడి, కానుగ. మన తాతల కాలములో వీటిని ఎవరూ నాటలేదు, ఎవరూ పీకలేదు. తరువాత మనము తీరమంతా సరుగుడు వేసినాము. సరుగుడును మేము తిట్టము. ఎందరికో అది పెళ్లి ఖర్చు, బడి ఫీజు. గాలికి అడ్డుగా నిలుస్తుంది. కాని అది ఈ ఒడ్డు చెట్టు కాదు. పందొమ్మిదవ శతాబ్దములో తెచ్చి నాటినది. దాని రాలుడు క్రింద మరొక మొక్క లేవదు. అలల అంచుదాకా సరుగుడు వేస్తే, చలికాలములో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు ఎక్కే తాబేలు గొయ్యి త్రవ్వడానికి మెత్తని ఇసుక వెదుక్కోవలసివస్తుంది. కాబట్టి సరుగుడు వెనుక వరుసలో ఉండాలని, ముందు వరుస తీగకు వదలాలని మా అభిప్రాయము.

ఇక ఏటి ఒడ్డు. ఇక్కడిది వేరే లోకము. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న. తిల్ల పాలు కంట్లో పడితే ఎంత మంటో కట్టెలు కొట్టినవారికి తెలుసు. మడ ఆకును నాలుకమీద పెట్టుకొని చూడండి, ఉప్పగా ఉంటుంది. వేరులో పీల్చిన ఉప్పును ఆకుమీదికి చెమటవలె వదిలివేస్తుంది. అందుకే గేదెలకు ఆ ఆకంటే అంత ప్రీతి. బురదలో గాలి ఆడదు గనుక, మడ తన వేళ్లను పెన్సిళ్లవలె పైకి నిలబెట్టి ఊపిరి తీసుకొంటుంది. పొన్న అయితే ఇంకా విచిత్రము. గింజ తల్లికొమ్మమీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడుగున వ్రేలాడి, బరువుకు బురదలో గ్రుచ్చుకొంటుంది. బిడ్డ నడక నేర్చినదాకా చంకనుండి దింపని తల్లి అది. ఆ వేళ్ల సందులలోనే రొయ్యపిల్ల, మండపీత, పండుగొప్ప పిల్ల పెరుగుతాయి. చెరువు త్రవ్వడానికి మడ కొట్టేవాడు రొయ్యల పురిటిగదిని పడగొట్టి రొయ్యలు పెంచుతానంటున్నాడన్నమాట.

చట్టము సంగతి ఒక్క మాట. 1991లో తీర నియంత్రణ ప్రకటన వచ్చినది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర మండలిలో రొయ్యల చెరువులు కూడదన్నది. 2005లో ఆక్వా సాగుకు వేరే చట్టము చేసినారు. కాగితములు తెచ్చుకొనే దారులు మనుష్యులకు ఎప్పుడూ ఉంటాయి. అందుచేత చట్టమును అడ్డుపెట్టుకొని వాదించదలచలేదు.

ఇప్పుడు మా సిగ్గు చెప్పుకొంటాము. కొన్నేళ్ల క్రితము మేము కొందరము కలసి, ఆ చెక్క పక్కనున్న బోడి నేలలో మడ పెంచుదామని బయలుదేరినాము. వానాకాలములో రాలిన గింజలను గంపలకొద్దీ ఏరి తెచ్చి, వరుసలు తీర్చి గ్రుచ్చినాము. ఫొటోలు దిగినాము. మొక్కతో ఫొటో దిగినవారు మరల మొక్కను చూడరనే మాట మా విషయములో అబద్ధము కాదు. మట్టలాదివారము వెళ్లాక తీరిక చేసుకొని పోయి చూస్తే, నేలంతా సున్నము చల్లినట్టు తెల్లగా ఉప్పు, నడుమ ఎండిన పుల్లలు. నీళ్లు పోసినా బ్రతకలేదేమని మాలో మేము వాదులాడుకొంటుంటే, వల భుజాన వేసుకొని పోతున్న ఒక ముసలాయన ఆగి, "అయ్యా, ఇక్కడ పోటు వస్తుందిగాని పాటు పోదు. నీళ్లు తిరగని చోట చెట్టేమి బ్రతుకుద్ది?" అని నవ్వి వెళ్లిపోయినాడు.

ఆ ముసలాయన ఒక్క మాటలో చెప్పినదే చదువుకొన్నవారు పెద్ద లెక్కలతో తేల్చినారని మాకు తరువాత తెలిసినది. ఎం.ఎస్. స్వామినాథన్‌గారు 1987లో తమకు వచ్చిన ప్రపంచ ఆహార బహుమతి సొమ్ముతో, 1988లో మద్రాసులో ఒక పరిశోధన సంస్థను స్థాపించినారు. ఆయన 2023 సెప్టెంబరులో కాలము చేసినారు. ఆ సంస్థవారు 1990ల చివరనుండి కెనడా సహాయముతో, అటవీశాఖతో కలసి, గోదావరి కృష్ణా మొగలలో మడ అడవుల పని చేసినారు. వారు కనుగొన్నది ఇది. పూర్వము మడను కూపులుగా విడగొట్టి మొత్తముగా నరికించేవారు. నీడ పోయిన నేల ఎండి కుంగి పళ్లెమువలె అయ్యేది. పోటునీరు లోపలికి వచ్చి అక్కడే నిలిచి ఆవిరియై, ఉప్పు పేరుకొనేది. అందులో ఎన్ని మొక్కలు నాటినా దండుగే. కాబట్టి వారు ముందు మొక్క నాటలేదు, కాలువ త్రవ్వినారు. నడుమ ఒక పెద్ద కాలువ, ఇరువైపుల చేపముల్లువలె చిన్న కాలువలు. వాటిని సహజమైన పాయకు కలిపినారు. పోటు వచ్చి, పాటు పోయి, నేల ఉప్పు కడుగుకొన్న తరువాత ఆ కాలువ గట్లమీద మొక్కలు పెట్టినారు. పనికి, కాపలాకు ఆయా ఊళ్లవారితోనే సంఘములు కట్టించినారు. ఈ చివరి మాట ముఖ్యము. కంచె వేసి కాపలావానిని పెట్టి ఊరివారిని దొంగలనుకొన్న చోట అడవి నిలువదు.

మేము కోరంగి వైపు వెళ్లి ఆ కాలువలను చూసి వచ్చినాము. కోరంగి అభయారణ్యము 1978లో ఏర్పడినది, 235 చదరపు కిలోమీటర్లకు పైన. రాష్ట్రములో మడ అంతా కలిపితే 2021 అటవీ నివేదిక ప్రకారము 405 చదరపు కిలోమీటర్లు.  తిరిగి వచ్చి, అడగవలసినవారిని అడిగి, పారలు పట్టుకొని మోకాలి లోతున ఒక కాలువ త్రవ్వినాము. వంకరగానే వచ్చినది. అయినా నీరు తిరిగినది. రెండు వానాకాలములకు, మేము నాటనివి కూడా పోటుతో కొట్టుకొని వచ్చి మొలిచినాయి. అన్నీ బ్రతకలేదు, గేదెలు తిన్నవి తిన్నాయి. నేడు అక్కడ మనిషి నడుము ఎత్తు మడ ఉన్నది.

ఆ మడను కాపాడుకొందామని ఇంటింటికి వెళ్లినప్పుడు ఒక తల్లి అడిగినది: "కొట్టవద్దంటారు, బాగానే ఉన్నది. గ్యాసు బండ అయిపోయిన వారము పొయ్యిలోకి ఏమి పెట్టమంటారు బాబూ?" మాకు జవాబు రాలేదు. టెర్మినలు గోడకు ఇవతల కట్టెల పొయ్యి! ఆ తరువాత మేమే సరుగుడు కొట్టినచోట చిల్ల కొమ్మలను ఆ వీధికి చేరవేసే ఏర్పాటు చేసినాము. అది పూర్తి జవాబని మేము అనము.

తుపాను మాట ఎత్తకుండా కోనసీమలో ఏ మాటా ముగియదు. 1996 నవంబరు 6 రాత్రి మన కొబ్బరి తోటలు ఎట్లా పడుకొన్నాయో పెద్దలకు కండ్లకు కట్టినట్టు ఉన్నది. వెయ్యిమందికి పైగా పోయినారు. మడ ఉంటే ఆ గాలి ఆగేదని మేము అబద్ధము చెప్పము. మడ గాలిని ఆపదు. అది చేసేది అల ఊపును తగ్గించడము, ఒడ్డు మట్టిని పట్టి ఉంచడము. 2004 సునామీ తరువాత తమిళనాడులో పిచ్చావరము దగ్గర మడ వెనుకనున్న పల్లెలకు నష్టము తక్కువగా జరిగినదని పరిశోధకులు వ్రాసినారు. ఎంత తక్కువ, ఎంతవరకు చెట్లవల్ల అన్నదానిమీద వారిలో వారికి వాదములు ఉన్నాయి. మనకు మాత్రము ఏరు ఏటేటా ఒడ్డును కోసుకొంటూ స్మశానము గోడవైపు వస్తున్నది. మడ ఉన్నచోట ఆ కోత తక్కువ. ఇది మేము చదివినది కాదు, చూసినది.

కవులు డబ్బు మాటకు వస్తాము. మనలో చెరువులు ఉన్నవారు చాలమంది. మా ఇండ్లలోనూ ఉన్నాయి. వారి కానుకలతోనే ఈ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కాబట్టి చెరువులవారిమీద రాయి వేసే అర్హత మాకు లేదు. కాని చెరువు తెగులు పట్టి మానుకొన్న తరువాత ఆ నేల ఏమవుతున్నదో వారికే బాగా తెలుసు. కట్టలు మిగులుతాయి, ఉప్పు మిగులుతుంది, కవులుదారుడు మిగలడు. మన చెక్కకు కట్ట వేస్తే మా వంకర కాలువ నోరు మూసుకొంటుంది. ఆ నడుమెత్తు మడ మళ్లీ ఎండిన పుల్లలవుతుంది. హాలు పైకప్పుకు కావలసినదానికి ఈ సంవత్సరము కోతల పండుగ కానుకలలో మా కుటుంబముల వంతు ఏమి ఇస్తామో కాగితముమీద వ్రాసి కోశాధికారిగారికి ఇచ్చినాము. అది చాలదు. మిగతాది ఎట్లాగో మీరు కూడా చెప్పండి.

పెద్దలు తీర్మానము చేయకముందు ఒక్కసారి చెక్కను చూడాలని మనవి. శనివారము ప్రొద్దున్నే పాటు ఉంటుంది. చెప్పులు గట్టున వదిలి, పంచెలు ఎగగట్టుకొని రండి. తల్లులు కూడా రావచ్చు, గట్టుదాకా బండి వస్తుంది. కాలువ దగ్గర మేము ఉంటాము.