ఒంటికి పట్టిన అన్నమే అన్నం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదేండ్లు నిండిన మన పాఠశాల సభలో విజ్ఞానశాస్త్రాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు ఆదేశించారు. మైలాపూరులో తెలుగు పిల్లల ఎదుట నిలిచినప్పుడు, ఈ నగరంలోనే చదువుకొన్న ఒక మహనీయుడు నా స్మృతిపథంలో మెదిలారు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు గారు తిరువల్లిక్కేణి హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. మార్కులు చూసి పిల్లలను నిరుత్సాహపరచే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆయనకూ ఆ వ్యాధి సోకగా, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. స్ప్రూ సోకిన వారికి చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న ఆహారం కడుపులోకి చేరుతుంది గాని ఒంటికి పట్టదు. అనంతరం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా రూపొందించింది. అది స్ప్రూ రోగుల రక్తహీనతకు ఔషధమైంది.

విటమిన్ దొరికింది గాని, అది ఒంటికి చేరే మార్గంలోని కష్టాలు తీరలేదు. ఫోలిక్ ఆమ్లం వెలుతురుకు, వేడికి చెడుతుంది. జఠరరసంలోని ఆమ్లం దానికి అనుకూలం కాదు. అది ముఖ్యంగా చిన్నప్రేగు పైభాగంలో గ్రహింపబడాలి. అంతవరకు దానిని కాపాడి చేర్చడమెట్లు?

ఇందుకు శాస్త్రజ్ఞులు మొక్కల ప్రొటీన్ల వైపు చూశారు. మొక్కజొన్న గింజలో జీన్ అనే ప్రొటీన్ ఉన్నది. అది నీటిలో కరగదు. నీరు కలిపిన ఆల్కహాలులో కరుగుతుంది. ఆ ద్రావణంలో విటమిన్‌ను చేర్చి నీటిని కలిపితే, జీన్ కరిగి ఉండలేక, విటమిన్‌ను లోపల ఇముడ్చుకొని సూక్ష్మకణాలుగా ముడుచుకొంటుంది. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. ఈ కణాలు సుమారు రెండు వందల నానోమీటర్లుంటాయి.

మన తల్లులకు ఈ సూత్రం కొత్త కాదు. పూర్ణం బూరెలు వండేటప్పుడు తోపు సరిగా పట్టకపోతే పూర్ణం నూనెలో చీదిపోతుంది. ఇక్కడ జీన్ తోపు, విటమిన్ పూర్ణం, జీర్ణాశయం కాగే మూకుడు. జఠరరసానికి జీన్ అంత సులభంగా లొంగదు; ప్రేగులోని ఎంజైములకు క్రమంగా కరిగి, లోపలి విటమిన్‌ను అక్కడ విడిచిపెడుతుంది. స్పెయిన్ దేశంలోని నవర్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన ప్రయోగంలో, నీటిలో కలిపి ఇచ్చిన దానికంటే ఇట్టి కణాలలో ఇచ్చిన ఫోలిక్ ఆమ్లం ఎలుకల రక్తంలోకి సుమారు రెండింతలు చేరింది.

అయితే ఎలుకలలో కలిగిన ఫలితం మనుషులలోనూ కలుగుతుందని తొందరపడి అనరాదు. ఈ కణాల భద్రత, ఖర్చు, నిలువ ఉండే గుణం ఇంకా పరీక్షలకు నిలవాలి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి యాభైతొమ్మిది మందికి రక్తహీనత ఉన్నది. అంటే పది మంది ఆడపిల్లలున్న వరుసలో ఇంచుమించు ఆరుగురు. పాఠం తలకెక్కడం లేదని మనం మందలించే పిల్ల నిజానికి నీరసించిన పిల్ల కావచ్చు. రక్తహీనతకు ఇనుము లోపం ముఖ్యకారణాలలో ఒకటి. ఫోలేట్, బి12 లోపాలు కూడా కారణాలే. కనుక ఏ లోపమో వైద్యులు నిర్ణయించాలి.

నానోకణాలు వచ్చేవరకు చేతులు ముడుచుకోనవసరం లేదు. బడులలో ప్రతివారం ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలను పిల్లలు మింగేటట్లు చూడండి. తోటకూర, పాలకూర ఉడికించిన నీటిని పారబోయక పప్పులోనో చారులోనో కలపండి. ఫోలేట్ ఆ నీటిలోకి దిగిపోతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మూడవ ప్రయత్నంలో గట్టెక్కే విద్యార్థి మీ తరగతిలోనూ ఉండవచ్చు. అన్నమైనా, చదువైనా వడ్డించినంత మాత్రాన సరిపోదు, పట్టేవరకు కనిపెట్టుకొని ఉండాలి. డెబ్బది ఐదేండ్లుగా ఈ పాఠశాల చేస్తున్న పని అదే. అది ఇకముందూ సాగాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.