జ్ఞానపు హద్దు వద్ద విశ్వాసం: బందరు, దివిసీమ ఉప్పెనల నేపథ్యంలో

క్రైస్తవ వేదాంతంలో, అంటే దైవాన్ని గురించి క్రమబద్ధంగా విచారించే శాస్త్రంలో, మానవజ్ఞానానికి హద్దు ఉందన్న మాట కొత్తది కాదు. దేవుడు ఇటువంటివాడని చెప్పడంకన్నా ఇటువంటివాడు కాడని చెప్పడమే క్షేమమని తలచిన నిషేధమార్గం తూర్పుదేశపు సంఘాలలో తొలి శతాబ్దాలనుండీ ఉంది. ఉపనిషత్తుల 'నేతి నేతి' ఎరిగిన తెలుగు పండితులకు అది పరాయిగా తోచదు. కూసా నికొలస్ అనే జర్మన్ మతాచార్యుడు 1440లో, తన ఎరుకలేమిని ఎరగడమే పాండిత్యానికి పరాకాష్ఠ అని ఒక గ్రంథమే పూర్తిచేశాడు. అయితే గ్రంథాల నడుమ కూర్చుని అంగీకరించే అజ్ఞానం వేరు, ఉప్పునీరు ఇల్లు ముంచిన మరునాడు అంగీకరించవలసివచ్చే అజ్ఞానం వేరు. కృష్ణా డెల్టా దిగువభూమికి బాగా తెలిసింది ఈ రెండవది.

రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఆంగ్ల మిషనరీలు 1841లో చర్చి మిషనరీ సొసైటీ తెలుగు శాఖను బందరులో ప్రారంభించారు. కేంబ్రిడ్జిలో చదివిన నోబుల్ 1843లో పాఠశాల తెరిచి, ఇంగ్లీషు విద్యనూ బైబిలునూ ఒకే కప్పుకింద బోధించి, చనిపోయేవరకు ఒక్కసారైనా స్వదేశానికి వెళ్ళలేదు. చదువు పెరిగితే సత్యం దానంతటదే తేటపడుతుందన్నది ఆ తరం మిషనరీలలో చాలామందికి ఉన్న ధీమా. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో పాటు సముద్రం బందరుమీద పడి సుమారు 30 వేలమందిని పొట్టనబెట్టుకుంది. మిషన్ బాలికల పాఠశాలలోని పిల్లలు కూడా ఆ మృతులలో ఉన్నారు. బైబిలు వల్లెవేసిన పిల్లలూ, దాని పేరైనా ఎరగని బెస్తలూ ఒకే నీటిలో పోయారు. నోబుల్ మరుసటి ఏడాది బందరులోనే కన్నుమూశాడు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో ప్రశ్న మరింత పదునెక్కింది, ఎందుకంటే అప్పటికి వాతావరణశాస్త్రం ఎంతో ముందుకు వచ్చింది. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అందువల్ల తుపాను తూర్పుతీరాన్ని దాటేటప్పుడు, అది సాగే దారికి కుడివైపున గాలి సముద్రజలాన్ని నేలమీదికి తోస్తుంది, ఎడమవైపున వెనక్కు లాగుతుంది. తుపాను చీరాల ప్రాంతంలో తీరం దాటగా కుడివైపున పడిన దివిసీమలో, లోతు తక్కువైన సముద్రమూ చదునైన నేలా ఒకదానికొకటి తోడై, నీరు నాగాయలంక, కోడూరు ప్రాంతాల పల్లెలను తుడిచిపెట్టింది. అధికారిక లెక్కలోనే మృతులు 10 వేల దరిదాపులలో ఉన్నారు. తుపాను ఉందని తెలుసు. అది ఎటు తిరుగుతుందో, కడలి ఎంత ఎత్తు లేస్తుందో అప్పటి పరికరాలకు అందలేదు.

ఇక్కడ రెండు రకాల తెలియమిని వేరుచేయాలి. సముద్రం ఎలా వచ్చిందన్నది శోధిస్తే తెలిసేది, తెలుసుకుని తీరవలసినది. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను కూడా తీవ్రమైనదే అయినా, ముందస్తు హెచ్చరికలతో లక్షకు పైబడి జనాన్ని తరలించినందువల్ల ప్రాణనష్టం వెయ్యిలోపే ఆగింది. ఈ విషయంలో 'అంతా దైవేచ్ఛ' అని చేతులు ముడుచుకోవడం భక్తి కాదు, సోమరితనం. నా బిడ్డే ఎందుకు పోయాడన్నది మాత్రం ఏ రాడారుకూ అందని ప్రశ్న. క్రైస్తవ విశ్వాసం శాంతిని ఇస్తానన్నది ఈ రెండవ చోట. అది కూడా సమాధానం చెప్పి కాదు.

యోబు గ్రంథం దీనికి మూలసాక్ష్యం. ఆస్తినీ సంతానాన్నీ పోగొట్టుకున్న యోబు దేవుణ్ణి నిలదీస్తాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే స్నేహితులు మాత్రం కష్టానికి కారణం పాపమేనని తడుముకోకుండా తేల్చేస్తారు. దేవుడు సుడిగాలిలోనుండి మాట్లాడి, సముద్రానికి గడియ వేసినదెవరని అడుగుతాడేగాని యోబు కష్టానికి కారణం ఒక్కటీ చెప్పడు. చివరకు మందలింపు పడింది యోబుకు కాదు, అన్నీ తెలిసినట్టు మాట్లాడిన స్నేహితులకు. లూకా సువార్తలో, సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకన్నా పాపులు కారని క్రీస్తు చెప్పాడు; సిలువమీద తానే 'ఎందుకు' అని అరిచి జవాబు వినకుండానే ప్రాణం విడిచాడు. ఉప్పెనకు ఊరి పాపాలను లెక్కగట్టే ప్రసంగీకుడు, ఏ మతంవాడైనా, ఆ ముగ్గురు స్నేహితుల పక్షాన నిలిచినట్టే.

ఈ నేల హేతువాదులను విస్మరించి ఈ చర్చ చేయడం న్యాయం కాదు. గుడివాడ సమీపంలోని అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి నోబుల్ కళాశాలలోనే కొంతకాలం చదివారు. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పారు. తెలియని చోటనల్లా దేవుణ్ణి కూర్చోబెట్టడం మోసమన్న వారి వర్గపు విమర్శ సబబైనదే, సంఘాలు దానికి కృతజ్ఞత చెప్పుకోవాలి. తెలియనిదాన్ని పూడ్చే సున్నంగా దేవుణ్ణి వాడేవాడు రేపు శాస్త్రం ఆ పగులు పూడ్చగానే దేవుణ్ణి కోల్పోతాడు. యోబు పొందిన శాంతి అటువంటిది కాదు: ప్రశ్న అలాగే మిగిలింది, అడిగినవాడు తాను ఒంటరి కాడని గ్రహించాడు. కారణం తెలియకపోయినా నమ్మదగిన ఒకరి ఎదుట నిలవడాన్నే ఆ సంప్రదాయం విశ్వాసం అంటుంది. నాస్తికుడికి ఇది చాలదనిపించవచ్చు. దాన్ని తర్కంతో రుజువుచేయబూనడం కూడా ఎలీఫజు మార్గమే అవుతుంది.

దివిసీమ క్రైస్తవ కుటుంబాలలో 1977 తర్వాత ప్రార్థనలు ఎలా మారాయో, ఏ కీర్తనలు పాడారో, ఏవి పాడలేక మానుకున్నారో తెలుగు వేదాంత రచనలో తగినంతగా నమోదు కాలేదు. ఆనాడు పదేళ్ళ వయసున్నవారు ఇప్పుడు అరవైకి చేరువలో ఉన్నారు. వేదాంత కళాశాలల విద్యార్థులు, ఈ సదస్సు సభ్యులు నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల పల్లెలకు వెళ్ళి, ఆ మాటలను చెప్పినవారి యాసలోనే, వ్యాఖ్యానం జోడించకుండా రాసుకురావాలని అధ్యక్షస్థానం నుండి మనవి.